క్యాన్సర్: వ్యాధి కన్నా జాప్యమే ప్రమాదం

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా మన సభలో పిల్లల చదువు గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి పెద్దలు మాట్లాడుతుంటారు. ఈ ఏడు క్యాన్సర్ వ్యాధిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శి గారు నన్ను కోరారు. "పండుగలాంటి సభలో ఆ మాట ఎందుకండీ?" అని ఒకరిద్దరు అన్నారని కూడా తెలిసింది. వారి మనస్సు నాకు అర్థమయింది. మన ఇళ్లలో ఈ వ్యాధి పేరు ఎవరూ పైకి అనరు. "ఆ జబ్బు" అంటారు, "పెద్ద రోగం" అంటారు, గొంతు తగ్గించి చెవిలో చెప్పుకుంటారు. పేరు పలికితే ఎక్కడ మన గడప తొక్కుతుందోనని భయం. ఈ గుసగుసల వల్లనే ఎందరో బ్రతకవలసిన వారు బ్రతకలేకపోతున్నారు. అందువల్లనే ఈ సభలో దాని పేరు పెట్టి గట్టిగా మాట్లాడదలచుకున్నాను.

ముందుగా ఒక తల్లి సంగతి మనవి చేస్తాను. పేరు, ఊరు చెప్పను. ఈ మెట్ట సీమలోని పల్లె ఆమెది. వయస్సు నలభై అయిదు ఉంటుంది. ఒకనాడు స్నానం చేస్తుంటే రొమ్ములో చింతపిక్కంత గట్టి చేతికి తగిలింది. నొప్పి లేదు, మంట లేదు. చెనిక్కాయలు పీకే పని ముగిశాక చూద్దామనుకుంది. పని ముగిసింది. కూతురి నికాహ్ కుదిరింది, అది కానీ అనుకుంది. నికాహ్ అయింది. రంజాన్ నెల వచ్చింది. ఆమె నా వద్దకు వచ్చేసరికి పద్నాలుగు నెలలు గడచిపోయాయి. చింతపిక్క నిమ్మకాయంతయింది. చంకలో గడ్డలు కట్టాయి. "నొప్పి లేదు కదా డాక్టర్ సాబ్, నొప్పి లేనిదానికి ఆసుపత్రి ఎందుకని ఊరుకున్నా. పైగా మగ డాక్టరుకు ఎట్లా చూపించేది?" అన్నది. ఆ మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగమే ఆమెకు చెప్పవలసిన జవాబు అనుకోండి.

పేరు ఎట్లా వచ్చింది?

ఈ వ్యాధి కొత్తగా ఈ కాలంలో పుట్టింది కాదు. మన తెలుగులో దీనిని రాచపుండు అన్నారు. గ్రీకు వైద్యులు ఎండ్రకాయ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రకాయ కాళ్ల మాదిరి కనిపించడమే అందుకు కారణం. అరబ్బీలోనూ, ఉర్దూలోనూ "సరతాన్" అన్నా అదే ఎండ్రకాయ. సుమారు వెయ్యేళ్ల క్రితం స్పెయిన్ దేశపు ఖుర్తుబా నగరం వద్ద జీవించిన అల్ జహ్రావీ గొప్ప శస్త్రవైద్యుడు. ఆయన కాలం 936 నుండి 1013 వరకు. ఆ తరువాత వచ్చిన ఇబ్న్ సీనా 980లో పుట్టి 1037లో మరణించాడు. గడ్డ చిన్నదిగా, మొదటి దశలో, పూర్తిగా తీసివేయగల చోట ఉంటేనే కోసి ప్రయోజనం ఉంటుందనీ, ముదిరి పెద్దదైతే కత్తికి లొంగదనీ వీరిద్దరూ వ్రాశారు. మైక్రోస్కోపు లేని రోజుల్లో, స్కాను లేని రోజుల్లో వారు గ్రహించిన సంగతిని ఈనాడు అన్నీ ఉండి కూడా మనం గ్రహించకపోతే ఎట్లా?

శరీరంలో ఏమి జరుగుతుంది?

మన శరీరం కణాలతో కట్టిన ఇల్లు. ఒక్క మనిషిలో 30 లక్షల కోట్లకు పైగా కణాలుంటాయని శాస్త్రజ్ఞుల అంచనా. పాతవి రాలిపోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. వేలు తెగితే చర్మ కణాలు విభజన చెంది గాయాన్ని పూడ్చివేస్తాయి. పూడిన తరువాత ఆగిపోతాయి. ఆ ఆగిపోవడంలోనే అల్లాహ్ ఏర్పాటు ఎంత గొప్పదో చూడండి. ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు చావాలి అన్న ఆజ్ఞలన్నీ ప్రతి కణంలోనూ జన్యువుల రూపంలో వ్రాసి ఉన్నాయి. ఆ వ్రాతకు డి.ఎన్.ఏ. అని పేరు.

ఈ జన్యువులలో కొన్ని మన ఆర్.టి.సి. బస్సులోని యాక్సిలరేటరు వంటివి, కణాన్ని విభజించమని తొందరపెడతాయి. కొన్ని బ్రేకు వంటివి, ఆపుతాయి. మరికొన్ని మెకానిక్కు వంటివి, వ్రాతలో వచ్చిన తప్పులను దిద్దుతుంటాయి. పొగాకు విషం వల్లనో, కొన్ని వైరస్‌ల వల్లనో, రేడియేషన్ వల్లనో, వయస్సు పైబడడం వల్లనో ఈ వ్రాతలో తప్పులు దొర్లుతాయి. ఒక తప్పుతో సాధారణంగా ఏమీ కాదు. ఏళ్ల తరబడి తప్పు మీద తప్పు పేరుకుని, యాక్సిలరేటరు అట్లే ఇరుక్కుపోయి, బ్రేకులు ఊడిపోయి, దిద్దే మెకానిక్కు కూడా లేకుండా పోయినప్పుడు ఆ ఒక్క కణం అదుపు తప్పుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అదే క్యాన్సర్. వయస్సు మీరిన వారిలో ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా ఈ తప్పులు పేరుకోవడానికి కాలం పట్టడమే.

దీనిని అర్థం చేసుకోవడానికి మన చెరువులు చూస్తే చాలు. ఎండిన చెరువులో సర్కారు తుమ్మ మొలుస్తుంది. మొదట ఒక్క మొక్క. దానిని ఒక పిల్లవాడు పీకివేయగలడు. వదిలేస్తే వేళ్లు లోతుకు పోయి నీళ్లు లాగి, చుట్టుపక్కల గడ్డిని కూడా బ్రతకనివ్వదు. దాని కాయలు మేకలు తింటాయి. గింజలు పేడతో పాటు ఎక్కడో మరో ఊరి పొలంలో పడి మొలుస్తాయి. క్యాన్సర్ గడ్డ నడక కూడా ఇదే. అది పెరుగుతూ తనకు కావలసిన రక్తనాళాలను కూడా పుట్టించుకుంటుంది. దానిలోని కణాలు కొన్ని తెగి రక్తంలోనో, లింఫ్ నాళాలలోనో కొట్టుకుపోయి ఊపిరితిత్తులలో, కాలేయంలో, ఎముకలలో నాటుకుంటాయి. క్యాన్సర్‌తో మరణించేవారిలో ఎక్కువమంది ఈ వ్యాప్తి వల్లనే మరణిస్తారు. ఒక్క మొక్కగా ఉన్నప్పుడు పీకుతామా, చెరువంతా కమ్మిన తరువాత గొడ్డలి తీస్తామా? వైద్యంలో తేడా అంతా అక్కడే ఉంది.

గడ్డలన్నీ క్యాన్సర్ కావు, ఇది కూడా గుర్తుంచుకోవాలి. కొవ్వు గడ్డలు, నీటి తిత్తులు, వయస్సులోని ఆడపిల్లల రొమ్ములో వచ్చే గట్టి ముద్దలు చాలావరకు ప్రమాదం లేనివి. అవి ఉన్నచోటనే ఉంటాయి. కాని ఏది మంచిదో ఏది చెడ్డదో చేతితో తడిమి ఇంట్లో తేల్చుకునేది కాదు, పరీక్షలో తేలవలసినది.

మన వైపు ముఖ్యంగా చూడవలసిన కారణాలు

2022లో మన దేశంలో సుమారు 14 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ వచ్చిందనీ, 9 లక్షలకు పైగా మరణించారనీ అంతర్జాతీయ అంచనా. వాటిలో రొమ్ము క్యాన్సర్, నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముందు వరుసలో ఉన్నాయి. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. మూడూ కంటికీ, చేతికీ, చిన్న పరీక్షకూ అందేవే. తొందరగా పట్టుకోదగిన క్యాన్సర్‌లే మనవారిని ఎక్కువగా బలిగొంటున్నాయంటే అది వైద్యశాస్త్రం ఓటమి కాదు, మన జాప్యం.

పొగాకు సంగతి ముందు చెప్పాలి. బీడీ, సిగరెట్టు, గుట్కా, ఖైనీ, జర్దా, నశ్యం, ఆకువక్కలో పెట్టుకునే పొగాకు ముక్క, అన్నీ ఒకటే కుటుంబం. "నేను పొగాకు వేసుకోను, ఒట్టి వక్కే నములుతాను" అనే పెద్దలున్నారు. వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. వక్క, గుట్కా నమిలే కుర్రవాళ్లకు బుగ్గల లోపల చర్మం బిగుసుకుపోతుంది. మూడు వ్రేళ్లు నిలువుగా పేర్చి నోట్లో పెట్టి చూడండి. పట్టకపోతే నోరు బిగుస్తోందని అర్థం. వెంటనే మానివేసి దంతవైద్యునికి చూపించాలి. దావత్ చివర పళ్లెంలో జర్దా పాన్ పెట్టి మర్యాద చేయడం మనకు ఆచారం. ఆ మర్యాద మానుకుంటే మేలని పెద్దలకు నా మనవి.

రెండవది మన చెనిక్కాయ. ఈ సీమకు అన్నం పెట్టే పంట. పంట చివరి వారాలలో వాన మొహం చాటేసి నేల బిగిసినప్పుడు కాయలోకి ఒక రకం బూజు చేరుతుంది. సరిగా ఆరని కాయను మూటకట్టినా ఈ బూజు పెరుగుతుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో వేల సంఖ్యలో సీమకోళ్లు చచ్చిపోతే, వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో ఈ విషం ఉన్నట్లు కనుగొన్నారు. ఇది కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. హెపటైటిస్-బి కామెర్లు కూడా ఉన్నవారికి ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. మన ఇళ్లలో జరిగేదేమిటి? మంచి కాయ మండీకి, ముడుచుకున్నది, రంగు మారినది ఇంటికి. బూజు పట్టిన గింజ వేయించినంత మాత్రాన దాని విషం పూర్తిగా పోదు. కాబట్టి బాగా ఎండబెట్టండి, తేమ తగలని చోట నిల్వ చేయండి. బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరి పారవేయండి. వాటిని గానుగకు వేయవద్దు. ఆ చెక్క పాడి పశువుకు పెడితే ఆ విషంలో కొంత పాలలోకి కూడా వస్తుంది. శుభ్రమైన చెనిక్కాయ మాత్రం మంచి ఆహారమే, దానిని చూసి భయపడనక్కరలేదు.

మూడవది కొన్ని వైరస్‌లు. హెపటైటిస్-బి టీకా బిడ్డ పుట్టిన వెంటనే, తరువాత 6, 10, 14 వారాలకు ప్రభుత్వమే వేస్తున్నది. తైవాన్ దేశంలో 1984లో శిశువులకు ఈ టీకా మొదలుపెట్టిన తరువాత అక్కడి పిల్లల్లో కాలేయ క్యాన్సర్ బాగా తగ్గిపోయింది. ఇక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్.పి.వి. అనే వైరస్ కారణమని కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్ చాలా సాధారణమైనది. పెళ్లయిన స్త్రీలలో ఎందరికో సోకి, చాలామందిలో తనంతట తానే పోతుంది. కొందరిలో నిలిచిపోయి, ఏళ్లు గడిచాక క్యాన్సర్‌గా మారుతుంది. కాబట్టి ఇది ఎవరి శీలం మీదా నింద కాదు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను, మగవారు ముఖ్యంగా వినాలి. 9 నుండి 14 ఏళ్ల వయస్సులో ఆడపిల్లలకు దీనికి టీకా ఉంది. ఖత్నా వల్ల మగవారిలో ఒక రకం క్యాన్సర్ అరుదు అవుతుందన్నది నిజమే. అంతమాత్రాన మన ఆడవారికి ఈ వ్యాధి రాదనుకోవడం పొరపాటు.

ఏ గుర్తులు చూసి కదలాలి?

మూడు వారాలైనా మానని నోటి పుండు, నోటిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ, రొమ్ములో గడ్డ, రొమ్ము చర్మం సొట్టపడడం, చనుమొన లోపలికి పోవడం, దాని నుండి రక్తం రావడం, బహిష్టులు ఆగిపోయిన తరువాత మళ్లీ రక్తం కనబడడం, దాంపత్యం తరువాత రక్తం కనబడడం, మ్రింగుడు పడకపోవడం, తగ్గని గొంతు బొంగురు, కఫంలో, మలంలో, మూత్రంలో రక్తం, కారణం లేకుండా చిక్కిపోవడం, మెడలో, చంకలో తగ్గని గడ్డ. వీటిలో ఏది కనిపించినా క్యాన్సరే అని కాదు. కాని ఏది కనిపించినా పరీక్ష చేయించుకోవలసిందే. నొప్పి కోసం ఎదురు చూడవద్దు. మొదటి దశలో క్యాన్సర్ చాలావరకు నొప్పి పుట్టించదు. నొప్పి లేదన్నది ధైర్యానికి కారణం కారాదు.

నిర్ధారణ ఎట్లా చేస్తారు?

వైద్యుడు మొదట మాటలతో అడుగుతాడు, చేతితో చూస్తాడు. తరువాత సన్నని సూదితో కొన్ని కణాలు తీసి చూస్తారు. లేదా చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు క్రింద పెడతారు. దీనినే బయాప్సీ అనీ, వాడుకలో ముక్క పరీక్ష అనీ అంటున్నాం. ఇది లేకుండా క్యాన్సర్ అని ఖాయం చేయడం చాలా అరుదు. "సూది తగిలితే, కత్తి తగిలితే అది ఒళ్లంతా ప్రాకుతుంది" అన్న మాట మన ప్రాంతంలో గట్టిగా పాతుకుపోయింది. ఆ మాట వట్టిది. పరీక్ష చేయించుకున్నవారిలో కొందరు తరువాత చనిపోవడానికి కారణం సూది కాదు, సూది దాకా రావడానికి పట్టిన నెలలు.

తరువాత ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సి.టి., ఎం.ఆర్.ఐ. వంటి స్కానులు తీసి వ్యాధి ఎంతవరకు పోయిందో చూస్తారు. దానిని బట్టి 1 నుండి 4 వరకు దశలు చెబుతారు. ఉన్నచోటనే ఉంటే మొదటి దశ, దూరంగా నాటుకుంటే నాలుగవ దశ. ఒక దశ నుండి మరో దశకు పోయేకొద్దీ వైద్యం బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, ఆశ తగ్గుతుంది.

ఏ బాధా లేనివారికి కూడా ముందే పరీక్ష చేసి పట్టుకోవచ్చు. మన వంటి కరువు ప్రాంతమే మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా. అక్కడ 1,30,000 మందికి పైగా పల్లె స్త్రీలతో ఒక పరిశోధన జరిపి 2009లో ఫలితం ప్రకటించారు. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి, అవసరమైన వారికి చికిత్స చేసిన గ్రామాలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కేరళలోని తిరువనంతపురం వైపు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి నోరు తెరిపించి చూస్తేనే, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడవ వంతు తగ్గినట్లు 2005లో తేలింది. ఇవి పరదేశపు కథలు కావు. 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడగండి. అక్కడ చూసేది చాలావరకు ఆడవారే. కాబట్టి పరదా అడ్డం కాదు. ఆసుపత్రిలోనైనా లేడీ డాక్టరు కావాలని అడగడం మీ హక్కు.

చికిత్స

చికిత్సకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది శస్త్రచికిత్స. వెనుకట రొమ్ము క్యాన్సర్ అంటే రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు కూడా తీసివేసేవారు. ఇప్పుడు తొందరగా వస్తే చాలామందికి గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రం తీసి, తరువాత రేడియేషన్ ఇస్తే సరిపోతుంది. రెండవది రేడియేషన్, మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. అది కరెంటూ కాదు, కాల్చడమూ కాదు. 1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను, 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్న తరువాత పుట్టిన వైద్యం. శక్తిగల కిరణాలు క్యాన్సర్ కణాల డి.ఎన్.ఏ.ను దెబ్బతీసి, అవి విభజన చెందకుండా చేస్తాయి. బయటి యంత్రం నుండి కిరణాలు పెట్టించుకున్న రోగిని ముట్టుకుంటే, వారితో కలిసి భోంచేస్తే ఎవరికీ ఏమీ కాదు.

మూడవది మందులు, అనగా కీమోథెరపీ. ఇందులో మన తెలుగువారు గర్వించదగిన పేరు ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పనిచేస్తూ, కణం పెరగడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులను తమ బృందంతో తయారు చేయించారు. ఆ మందుతోనే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కు తగ్గినట్లు చూపించాడు. అదే ఏడాది సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ వర్గానికి చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. పిల్లల రక్త క్యాన్సర్ ఈనాడు సరైన వైద్యంతో చాలావరకు నయమవుతున్నది.

కీమో మందు వేగంగా విభజన చెందే కణాలను చంపుతుంది. వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, రక్తకణాలు కూడా వేగంగా పెరిగేవే గనుక జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, నీరసం వస్తుంది. చికిత్స ముగిశాక జుట్టు మామూలుగా తిరిగి వస్తుంది. సగంలో మానివేయడం మాత్రం మహా ప్రమాదం. హార్మోను మాత్రలు, క్యాన్సర్ కణాన్నే గురిచూసి కొట్టే కొత్త మందులు కూడా వచ్చాయి. ఒక రకం రక్త క్యాన్సర్ ఉన్నవారు 2001లో వచ్చిన మాత్రను రోజూ మ్రింగుతూ మామూలుగా పని చేసుకుంటున్నారు. నయం కాని స్థితిలో కూడా నొప్పి తగ్గించే వైద్యం ఉంది. డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్‌కు భయపడనక్కరలేదు. బాధతో అరుస్తున్న మనిషిని చూస్తూ కూర్చోవడం సబర్ కాదు.

ఎక్కడికి పోవాలి?

మనవారు ఎక్కువగా రైలెక్కి బెంగుళూరు కిద్వాయి ఆసుపత్రికి పోతుంటారు. 1973లో ప్రారంభమైన ఆ సంస్థ స్వాతంత్ర్య సమరయోధులు, కేంద్ర మంత్రిగా పనిచేసిన రఫీ అహ్మద్ కిద్వాయి గారి పేరిట వెలసింది. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నాటిది. ఆ మూడక్షరాలు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు. వారు మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరయ్యారు. మద్రాసు అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి కృషితో 1954లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమయింది. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో టాటా ట్రస్టు వారి తోడ్పాటుతో మరో క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమయింది. ఎవరి పేరున్న ఆసుపత్రి అయినా అందులో అన్ని మతాల రోగులూ ప్రక్క ప్రక్క మంచాల మీదనే ఉంటారు.

ఖర్చు సంగతి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాలలో మన అనంతపురం ఒకటి. ఇప్పుడు మన రాష్ట్రంలో అది డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. క్యాన్సర్ శస్త్రచికిత్స, రేడియేషన్, కీమో అందులో ఉన్నాయి. ఏ ఆసుపత్రికి వర్తిస్తుందో ముందుగా ప్రభుత్వాసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, కార్డు వెంట తీసుకుని బయలుదేరండి. పొలం అమ్మిన తరువాత అడగడం కాదు, అమ్మకముందే అడగాలి.

దవా, దువా

దర్గాకు పోయి దువా చేయడం, తావీజు కట్టించుకోవడం మనవారికి అలవాటు. దువాను నేను కాదనను. దువా లేనిదే నా మనస్సు కూడా నిలవదు. కాని దవా మానుకుని దువా చేయమని మన ధర్మం ఎక్కడా చెప్పలేదు. ప్రవక్త వారు (స.అ.స.) వైద్యం చేయించుకొమ్మనే చెప్పారని ఆలిములు బోధిస్తారు. విత్తనం వేసి వాన కోసం చేతులెత్తే రైతుకు తవక్కుల్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. విత్తకుండా చేతులెత్తేవాడు రైతు కాడు. అట్లాగే రోగులకు రోజా విషయంలో సడలింపు ఉంది. చికిత్సలో ఉన్నవారు డాక్టరును, ఆలిమ్ సాహెబును ఇద్దరినీ అడిగి నడుచుకోవాలి. రంజాన్ కోసం చికిత్స వాయిదా వేయవద్దు.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రోగి గ్లాసు వేరు పెట్టడం, కంచం వేరు పెట్టడం, ఆ ఇంటి పిల్లకు సంబంధం తప్పించడం అన్యాయం. ఆ భయానికే చాలామంది వ్యాధిని దాచుకుంటున్నారు.

సంఘానికి నా మనవి

చివరిగా మూడు కోరికలు. ఒకటి, సంవత్సరానికి రెండుసార్లు మన షాదీఖానాలో ఆడవారికి ఆడ వైద్యులతో, మగవారికి వేరుగా పరీక్షా శిబిరం పెట్టాలి. రెండు, జకాత్, సదఖా నిధి నుండి అర్హులైన రోగుల ప్రయాణానికి, తోడు వెళ్లేవారి భోజనానికి కొంత కేటాయించాలి. చికిత్స ఉచితమైనా, బెంగుళూరులో పది రోజులు ఉండలేక తిరిగి వచ్చినవారిని నేనెరుగుదును. మూడు, నలుగురు చదువుకున్న యువకులు, నలుగురు ఆడపిల్లలు రోగి వెంట మొదటిసారి ఆసుపత్రికి పోయి, చీటీ వ్రాయించి, వార్డు చూపించి రావడానికి ముందుకు రావాలి. మొదటి ప్రయాణమే కష్టం. ఆ గేటు దాటించినవారు సగం వైద్యం చేసినట్లే.

మొదట చెప్పిన తల్లి సంగతి ముగిస్తాను. ఆపరేషన్, కీమో, కరెంటు అన్నీ చేయించుకున్నది. మూడేళ్లు బ్రతికింది. మనవడిని ఎత్తుకున్నది. తరువాత వ్యాధి ఎముకలకు ప్రాకింది, అల్లాహ్ సన్నిధికి చేరింది. పద్నాలుగు నెలలు ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో అల్లాహ్‌కే ఎరుక. కాని ఆమెకు ఆ అవకాశం చాలా ఎక్కువగా ఉండేదని వైద్యుడిగా చెప్పగలను. ఆమె పోయిన రెండేళ్లకు ఆమె కూతురు నా దగ్గరకు వచ్చింది. నికాహ్ కోసం తల్లి ఆగిపోయిన ఆ కూతురే. "మూడు రోజుల క్రితం చేతికి తగిలింది డాక్టర్ సాబ్, అమ్మీ మాదిరి ఆగదలచుకోలేదు" అన్నది. సూది పరీక్ష చేయించాం. క్యాన్సర్ కాదు, మామూలు గడ్డ. ఆ అమ్మాయి ఏడ్చి, నవ్వి, బిడ్డను చంకనెత్తుకుని ఊరికి బస్సెక్కింది. కొంతకాలానికొకసారి వచ్చి చూపించుకుని పొమ్మన్నాను, అట్లే వస్తున్నది.

ఈ సభ నుండి ఇంటికి పోయిన తరువాత మీలో ఒక్కరైనా "నాకూ ఒక గడ్డ ఉంది" అని ఇంటివాళ్లతో నోరు విప్పితే, ఈ ప్రసంగం ఫలించినట్లే. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, సరైన వేళకు కదిలే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.